వసంతంలో కాస్కేడ్ కొండలెక్కి స్కీలతో దిగడానికి సామగ్రి: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ ఆపాలి

సియాటిల్ చుట్టుపక్కల బెల్‌వ్యూ, రెడ్‌మండ్, బాతెల్ వంటి ఊళ్లలో స్థిరపడిన తెలుగువారిలో స్నోక్వాల్మీ, స్టీవెన్స్ పాస్ రిసార్టులలో స్కీయింగ్ నేర్చుకున్నవారు ఇప్పుడు చాలామందే ఉన్నారు. వారిలో కొందరికి కొన్ని సీజన్ల తర్వాత లిఫ్టు కోసం వరుసలో నిలబడడం చాలనిపిస్తుంది. స్కీల అడుగున స్కిన్లు (ముందుకు జారనిచ్చి వెనక్కి జారనివ్వని వెంట్రుకల పట్టీలు) అంటించుకొని, సొంత కాళ్లతో కొండెక్కి, తాము ఎక్కిన వాలు మీదే దిగాలన్న కోరిక పుడుతుంది. ఆ కోరిక తీరడానికి కాస్కేడ్ పర్వతాలలో ఏప్రిల్ మధ్య నుంచి జూన్ చివరి దాకా ఉండే కాలం చాలా అనువైనది. ఈ సమీక్ష ఆ కాలానికి, ఆ కొండలకు కావలసిన బూట్లు, స్కీలు, బైండింగులు (బూటును స్కీకి పట్టించే బిగింపులు), స్కిన్లు, క్రాంపాన్ల (గట్టి మంచులోకి దిగే లోహపు పళ్ల) గురించి. నా అభిప్రాయం ముందే చెబుతాను: డబ్బు మొదట బూట్ల మీద పెట్టండి, ఆ తర్వాత గట్టి మంచు మీద పట్టునిచ్చే చిన్న వస్తువుల మీద పెట్టండి, మిగిలినదానితో స్కీలు కొనుక్కోండి. దుకాణానికి వెళ్లినవారు సాధారణంగా దీనికి తలకిందులుగా చేస్తారు. గోడకు వరుసగా నిలబెట్టిన రంగురంగుల స్కీలే ముందుగా కంటపడతాయి కాబట్టి వాటితోనే బేరం మొదలవుతుంది.

ఈ క్రమం ఎందుకో తెలియాలంటే వసంతపు మంచు స్వభావం కొంత తెలియాలి. చలికాలంలో కురిసిన మంచు ఏప్రిల్ వచ్చేసరికి పగలు కరుగుతూ, రాత్రి గడ్డకడుతూ ఉంటుంది. అలా చాలా రోజులు జరిగాక, విడివిడిగా ఉన్న స్ఫటికాలు కలిసి కల్లుప్పు పలుకుల్లా గుండ్రని పెద్ద గింజలవుతాయి. స్కీయర్లు దీన్ని కార్న్ అంటారు. తెల్లవారుజామున ఈ గింజలన్నీ ఒకదానికొకటి అతుక్కొని రాయంత గట్టిగా ఉంటాయి. ఎండ తగిలిన తర్వాత పైన రెండు మూడు సెంటీమీటర్లు మెత్తబడినప్పుడు దాని మీద దిగడంలో ఉన్న ఆనందం, లోతైన పొడి మంచులో దిగే ఆనందానికి ఏ మాత్రం తీసిపోదు. ఆ అదను ఒక్కో వాలు మీద గంటో రెండు గంటలో ఉంటుంది. అది దాటితే కాలు చీలమండ దాకా దిగబడే తడి మంచు అవుతుంది, అప్పుడు తడి హిమపాతాల (వాలు మీది మంచు ఒక్కసారిగా కిందికి జారిపడే అవలాంచ్‌ల) ప్రమాదం పెరుగుతుంది. కాబట్టి వసంతంలో స్కీయర్ చీకటిలో బయలుదేరి గట్టి మంచు మీద ఎక్కుతాడు, ఎండ పని చేసిన కాసేపటికి దిగుతాడు. రోజులో ఎక్కువ భాగం గడిచేది ఎక్కడంలోనే, అదీ జారిపోయే మంచు మీద. సామగ్రి ఎంపికలో ప్రతి నిర్ణయాన్నీ ఈ రెండు విషయాలతో సరిచూసుకోవాలి.

ఇక ఎంత ఎక్కాలన్నది. మౌంట్ రెయినియర్ దక్షిణం వైపున పారడైజ్ నుంచి క్యాంప్ మ్యూర్ దాకా ఎక్కితే సుమారు 1,400 మీటర్ల ఎత్తు. 1980 మే 18న పేలి శిఖరాన్ని కోల్పోయిన మౌంట్ సెయింట్ హెలెన్స్ ఇప్పుడు 2,549 మీటర్లుంది. మార్బుల్ మౌంటెన్ నుంచి వర్మ్ ఫ్లోస్ దారిన దాని అంచు చేరడానికి దాదాపు 1,700 మీటర్లు ఎక్కాలి, రానూపోనూ సుమారు 19 కిలోమీటర్లు నడవాలి. మౌంట్ ఆడమ్స్ ఇంకా పెద్దది, 3,743 మీటర్లు. దాని నైరుతి వైపు ఉన్న పొడవైన వాలుల కోసం స్కీయర్లు జూన్ దాకా ఎదురు చూస్తారు. సెయింట్ హెలెన్స్ దారినే లెక్క వేస్తే, అడుగుకు 60 సెంటీమీటర్ల చొప్పున ఎక్కడానికి పదహారు వేల అడుగులు పడతాయి. రిసార్టులో వాడే బూటు, స్కీ, బైండింగ్ కలిపి ఒక్కో కాలికి ఐదు కిలోల దాకా ఉంటాయి. జాగ్రత్తగా ఎంచుకున్న టూరింగ్ జత స్కిన్‌తో కలిపి మూడు కిలోల దగ్గర ఆగుతుంది. స్కిన్ మీద స్కీని ఎత్తరు, ముందుకు జారుస్తారు, నిజమే. అయినా రెండు కిలోల తేడా పదహారు వేల అడుగుల మీద తుంటి కండరాలకు తెలిసి తీరుతుంది. పైకి చేరాక దిగడానికి కాళ్లలో సత్తువ మిగలడం భద్రతకు సంబంధించిన విషయం కూడా, ఎందుకంటే అలసిన కాళ్లతో వేసే మలుపులోనే ఎక్కువగా పడతారు.

బూట్ల విషయం కొంచెం వివరంగా చెప్పాలి. టూరింగ్ బూటుకు వెనుక భాగంలో ఒక మీట ఉంటుంది. దాన్ని తిప్పితే చీలమండ స్వేచ్ఛగా ముందుకూ వెనక్కూ వంగుతుంది. మళ్లీ తిప్పితే పిక్క భాగం బిగుసుకొని దిగడానికి సిద్ధమవుతుంది. ఎక్కేటప్పుడు చీలమండ ఎన్ని డిగ్రీలు కదులుతుందన్నది ఎంత బరువుందన్నదానితో సమానంగా ముఖ్యం. బజారులో ఉన్న బూట్లను స్థూలంగా మూడు తరగతులుగా చూడవచ్చు. మొదటిది ఒక్కో బూటు కిలో చుట్టూ ఉండే తేలిక రకం. స్కార్పా ఎఫ్1 ఎల్‌టీ దీనికి మంచి ఉదాహరణ. చీలమండ 70 డిగ్రీలకు పైగా కదులుతుంది, వేసుకొని నడిస్తే మామూలు కొండ బూటుకు దగ్గరగా అనిపిస్తుంది. రెండోది 1,300 నుంచి 1,500 గ్రాముల రకం. టెక్నికా జీరో జీ టూర్ ప్రో, స్కార్పా మాయెస్ట్రాలే, ఆడవారికి అదే కంపెనీ చేసే జేయా ఈ తరగతివి. మూడోది రిసార్టులోనూ బయటా రెండుచోట్లా వాడవచ్చని చెప్పి అమ్మే 1,700 గ్రాములు, అంతకు పైబడిన రకం. టెక్నికా కొచీస్, లాంజ్ ఎక్స్‌టీ3 వంటివి.

మూడో తరగతిని వసంతం కోసం కొనవద్దు. అవి మంచి బూట్లే, అయితే వాటి బలం లిఫ్టు పక్కన పనికొచ్చే బలం. మొదటి తరగతిలో దిగేటప్పుడు బూటు ముందు భాగం మీద వాలి భారం వేసే అలవాటును కొంత మార్చుకోవాలి, నిటారుగా నిలబడి స్కీ మధ్యలో ఉండడం నేర్చుకోవాలి. రిసార్టు నుంచి కొత్తగా వస్తున్నవారికి అది ఒకేసారి రెండు కొత్త విద్యలు నేర్చుకోవడమవుతుంది. అందుకే చాలామందికి రెండో తరగతి నా సలహా. జీరో జీ టూర్ ప్రో నాలుగు బకిల్స్‌తో, 1,320 గ్రాముల దరిదాపుల బరువుతో, రిసార్టు బూటుకు దగ్గరైన గట్టిదనాన్ని ఇస్తుంది; దాని ముందు భాగం మాత్రం 99 మిల్లీమీటర్ల ఇరుకు అచ్చు. మాయెస్ట్రాలే అచ్చు 101 మిల్లీమీటర్లు. పాదం ముందు భాగం వెడల్పుగా ఉన్న నాలాంటివారికి ఆ రెండు మిల్లీమీటర్లే, పైకి చేరేసరికి చిటికెన వేలు పొక్కిందా లేదా అన్నదాన్ని తేల్చేస్తాయి. గట్టిదనం గురించి కంపెనీలు వేసే 110, 120, 130 అంకెలను ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి పోల్చకండి. వాటికి ఉమ్మడి కొలమానం లేదు.

కొలత చూసుకునే పద్ధతి దుకాణంలో మీరే అడిగి చేయించుకోవాలి. లోపలి మెత్తటి లైనర్ తీసేసి ఖాళీ పెంకులో పాదం పెట్టి, వేళ్లు ముందు అంచును తాకేలా జరిపితే, మడమ వెనుక ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. అంతకు తక్కువైతే దిగేటప్పుడు గోళ్లు నలుగుతాయి, ఎక్కువైతే ఎక్కేటప్పుడు మడమ లేచి పడుతూ పుండవుతుంది. లైనర్‌ను వేడిచేసి మీ పాదం ఆకారానికి కుదిర్చే పని చేయగల దుకాణంలోనే బూట్లు కొనండి, అక్కడ ధర కొంచెం ఎక్కువైనా సరే. సాయంత్రం పూట, పాదాలు కొంచెం ఉబ్బి ఉన్నప్పుడు, కనీసం అరగంట వేసుకొని దుకాణంలో మెట్లెక్కి దిగండి. రెండు విషయాలు కంటితో చూసి నిర్ధారించుకోవాలి. బూటు ముక్కుకు ఇరువైపులా, మడమ వెనుక లోహపు గుంతలు ఉన్నాయా అన్నది మొదటిది. అవి లేని బూటు నడక సౌకర్యం ఎంత ఉన్నా పిన్ బైండింగులో (బూటును పిన్నులతో పట్టే టూరింగ్ రకంలో) పట్టదు. ముక్కు దగ్గర క్రాంపాన్ పట్టుకునే అంచు ఉందా అన్నది రెండోది. బరువు తగ్గించడం కోసం కొన్ని మోడళ్లలో దాన్ని తీసేస్తారు, వాటికి మామూలు ఆటోమేటిక్ క్రాంపాన్లు సరిగా కూర్చోవు.

స్కీలు చివరికి వస్తాయని అన్నాను గాని వాటిని ఏదో ఒకటిలే అని తీసుకోమని కాదు. నడుము (స్కీ మధ్యలోని సన్నని చోటు) వెడల్పు 85 నుంచి 95 మిల్లీమీటర్ల మధ్య, ఒక్కో స్కీ 1,100 నుంచి 1,400 గ్రాముల మధ్య ఉంటే వసంతానికి సరిపోతుంది. 105 మిల్లీమీటర్లు దాటిన స్కీలు పొడి మంచులో తేలడానికి చేసినవి. తెల్లవారుజామున గట్టి వాలుకు అడ్డంగా ఎక్కేటప్పుడు వెడల్పాటి స్కీ అంచు మీ పాదం మధ్య నుంచి దూరంగా పడుతుంది, ఆ దూరం వల్ల చీలమండ మీద మెలితిప్పే బలం పెరుగుతుంది, అడుగడుగునా పట్టు తప్పుతున్నట్టు ఉంటుంది. పైగా వెడల్పాటి స్కీకి వెడల్పాటి స్కిన్, వెడల్పాటి స్కీ క్రాంపాన్ కావాలి. బరువు ఒక్కచోట పెరిగితే మూడుచోట్ల పెరుగుతుంది. బ్లిజర్డ్ జీరో జీ 95 నాకు ఈ పనికి బాగా నచ్చిన స్కీ. సుమారు 1,300 గ్రాముల బరువుతో, కార్బన్ పొర వల్ల మెలితిరగని గట్టిదనంతో, గడ్డకట్టిన వాలు మీద అంచును వదలకుండా పట్టుకుంటుంది. అయితే అది మృదువైన స్కీ కాదు. తప్పుగా వేసిన మలుపును సర్దిపెట్టదు. ఇంకొంచెం ఓర్పుగా ఉండే స్కీ కావాలనుకునేవారు కే2 వేబ్యాక్ 88ను, ఇంకా సన్నని, తేలికైనది కావాలనుకునేవారు అటామిక్ బ్యాక్‌ల్యాండ్ 85ను చూడవచ్చు. ఈ రెండూ కొత్త సంవత్సరాలలో కొద్దిగా మారిన పేర్లతో వస్తున్నాయి. పాత సంవత్సరపు స్కీ తగ్గింపు ధరకు దొరికితే నిస్సందేహంగా తీసుకోండి, ఎందుకంటే స్కీలు ఏడాదికేడాది అంతగా మారవు.

పొడవు మీ ఎత్తు కంటే ఐదు నుంచి పది సెంటీమీటర్లు తక్కువ ఉంటే మంచిది. నిటారు వాలు మీద వంకర తిరిగి ఎక్కేటప్పుడు ప్రతి మలుపు దగ్గరా ఒక స్కీని గాలిలోకి లేపి వెనక్కి తిప్పి పెట్టాలి, పొట్టి స్కీతో అది తేలిక. తోక చదునుగా ఉండాలి, లేదా స్కిన్ కొక్కెం కూర్చోవడానికి ఒక గాడి ఉండాలి. పైకి తిరిగిన తోక ఉన్న స్కీల నుంచి స్కిన్ కొక్కెం జారిపోతుంది. మీదుమిక్కిలి, ఆగినప్పుడు స్కీని నిలువుగా మంచులో గుచ్చి నిలబెట్టడానికీ అది అడ్డమే. ఇంకో మాట, కొత్త స్కీ అయినా పాత స్కీ అయినా సీజన్ మొదట్లో అంచులకు పదును పెట్టించండి. పొడి మంచులో మొద్దు అంచుతో నెట్టుకురావచ్చు గాని ఉదయం ఏడింటికి సెయింట్ హెలెన్స్ పై భాగంలో అది కుదరదు.

బైండింగుల దగ్గరికి వస్తే, ఈనాడు అందరూ వాడే పిన్ బైండింగు ఆస్ట్రియాకు చెందిన ఫ్రిట్జ్ బార్తెల్ చేసిన ఆలోచన. 1980లలో మాంట్ బ్లాంక్‌ను బరువైన సామగ్రితో ఎక్కి విసిగిపోయిన ఆయన, బూటునే బైండింగులో భాగం చేసి, మధ్యలో ఉండే లోహపు చట్రాన్ని మొత్తం తీసేశాడు. బూటు ముక్కును రెండు పిన్నులు పట్టుకుంటాయి, మడమ స్వేచ్ఛగా లేస్తుంది; దిగేటప్పుడు వెనుక ఇంకో రెండు పిన్నులు మడమను పట్టుకుంటాయి. డైనాఫిట్ కంపెనీ దాన్ని బజారులోకి తెచ్చింది. తర్వాత ఏటీకే, మార్కర్, ప్లమ్, సాలమన్ వంటివన్నీ ఆ సూత్రం మీదే తమ బైండింగులు చేశాయి. వసంతానికి ఒక్కో బైండింగ్ 200 నుంచి 350 గ్రాముల మధ్య ఉంటే చాలు. 2018లో సాలమన్ తెచ్చిన షిఫ్ట్ దిగేటప్పుడు రిసార్టు బైండింగు లాగానే బూటును పట్టుకుంటుంది, రిసార్టులో కూడా అదే వాడాలనుకునేవారికి అది గొప్ప వస్తువు. కాని ఒక్కొక్కటి దాదాపు 900 గ్రాములు. అంత బరువును రెయినియర్ మీదికి మోయడానికి వసంతంలో నాకు కారణం కనిపించదు.

ఎంత బలానికి బైండింగు బూటును వదలాలి అన్నది తేలిక బైండింగులలో శ్రద్ధగా చూడవలసిన విషయం. కొన్నిటిలో పక్కకు వదిలే బలాన్నీ పైకి వదిలే బలాన్నీ విడివిడిగా స్క్రూలతో సర్దుకోవచ్చు. సాలమన్ ఎంటీఎన్, దాని జంట అయిన అటామిక్ బ్యాక్‌ల్యాండ్ టూర్ వంటి వాటిలో మడమ దగ్గర యూ ఆకారపు స్ప్రింగును మీ బరువుకు తగినట్టు మూడు రకాలలో ఒకటి ఎంచుకోవాలి, ఆ తర్వాత దాన్ని సర్దడానికి ఉండదు. యాభై ఐదు కిలోల మనిషికీ ఎనభై ఐదు కిలోల మనిషికీ ఒకే స్ప్రింగు పెట్టి ఇస్తే మోకాలికి ముప్పు, కాబట్టి బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు అడగకుండా బైండింగ్ బిగించే చోట బిగించుకోవద్దు. ఎక్కేటప్పుడు ముక్కు దగ్గరి మీటను పైకి లాగి తాళం వేస్తాం. దిగేముందు దాన్ని తప్పనిసరిగా తీయాలి, ఎందుకంటే తాళం వేసి ఉన్న ముక్కు పడినప్పుడు బూటును వదలదు. ఇక్కడే బూట్లు ముందుగా కొనమనడానికి ఇంకో కారణం ఉంది. బైండింగును స్కీలోకి రంధ్రాలు వేసి బిగిస్తారు, ఆ రంధ్రాల స్థానం మీ బూటు అడుగు పొడవును బట్టి ఉంటుంది. తర్వాత బూటు మారిస్తే, వెనుక ముక్కను జరిపే పట్టీ ఉన్న బైండింగు అయితే కొంతవరకు సర్దుకుంటుంది, లేకపోతే కొత్త రంధ్రాలే గతి.

బూటు ఊడినప్పుడు స్కీ జారిపోకుండా ఆపడానికి బ్రేకులా, తాళ్లా అన్నది పాత వాదన. బ్రేకు బరువు, తాడు తేలిక. హిమపాతంలో చిక్కుకుంటే తాడు కట్టిన స్కీ మనిషిని కిందికి లాగుతుంది, కాబట్టి చలికాలంలో బ్రేకులే మేలు. వసంతంలో, గడ్డకట్టిన అగ్నిపర్వతపు వాలు మీద, విడిపోయిన స్కీని సన్నని బ్రేకు ఎప్పుడూ ఆపుతుందన్న నమ్మకం లేదు; అది వందల మీటర్లు కిందికి పోయి ఎవరికైనా తగలవచ్చు. ఎక్కువగా స్కీలు పోయేది పడినప్పుడు కూడా కాదు, పైన నిలబడి స్కిన్లు తీసి బూటు పెట్టుకునే ఆ రెండు నిమిషాలలో. అందుచేత, గట్టిగా లాగితే తెగిపోయే లంకె ఉన్న తాళ్లను వసంతానికి నేను ఇష్టపడతాను. హిమపాత సూచన ఏ మాత్రం ఉన్నా వాటిని విప్పి సంచిలో పెట్టడం మరచిపోకూడదు.

స్కీ క్రాంపాన్లు కొనకుండా వసంతంలో బయలుదేరవద్దు. వీటి గురించి దుకాణంలో ఎవరూ తమంతట తాముగా చెప్పరు, జత ధర నూరు డాలర్ల చుట్టూ ఉంటుంది, బరువు రెండు అరటిపళ్లంత కూడా ఉండదు. బైండింగు ముందు భాగంలో గాడిలోకి జొనిపే ఈ పళ్ల పలక, అడుగు వేసిన ప్రతిసారీ మంచులోకి దిగి స్కీ వెనక్కి, పక్కకు జారకుండా ఆపుతుంది. తెల్లవారుజామున స్కిన్ ఒక్కటే పట్టు ఇవ్వని చోట ఇది లేనివారు చెమటలు కక్కుతూ, చేతికర్రల మీద వేలాడుతూ ఎక్కడం కొండ మీద తరచు కనబడే దృశ్యం. కొనేటప్పుడు మీ స్కీ నడుము వెడల్పు కంటే కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే ఎక్కువ వెడల్పు ఉన్నది చూడండి. అన్ని కంపెనీల క్రాంపాన్లు అన్ని బైండింగులకూ పట్టవు, కాబట్టి బైండింగు కొన్న రోజే దానికి సరిపడేది కొని, ఇంట్లో ఒకసారి పెట్టి తీసి చూసుకోండి. మడమ కింద ఎత్తు పెంచే మీటను పూర్తిగా లేపి నడిస్తే పళ్లు మంచులోకి తక్కువ దిగుతాయి. క్రాంపాన్లు పెట్టినప్పుడు మీటను ఒక మెట్టు తగ్గించి, వాలుకు కొంచెం అడ్డంగా దారి తీసుకోవాలి.

వాలు ఇంకా నిటారైన చోట స్కీలు వీపున కట్టి బూట్లతో ఎక్కాలి. దానికి బూటు క్రాంపాన్లు, ఐస్ యాక్స్ (మంచులో గుచ్చి ఆగడానికి వాడే చిన్న గొడ్డలి) కావాలి. మంచు మీద మాత్రమే నడిచే ఈ దారులకు అల్యూమినియం క్రాంపాన్లు చాలు. పెట్జెల్ లెపర్డ్ ముందు వెనుక ముక్కలను తాడుతో కలిపి బరువును బాగా తగ్గించింది. రాళ్ల మీద ఎక్కువ నడవవలసి వస్తే అల్యూమినియం పళ్లు తొందరగా మొద్దుబారతాయి, అప్పుడు ముందు భాగం ఉక్కుతో ఉన్నవి తీసుకోవాలి. ఐస్ యాక్స్ తేలికగా ఉండడం కంటే, పడినప్పుడు దానితో ఆగడం సాధన చేసి ఉండడం ముఖ్యం. సియాటిల్ ప్రాంతంలో ఈ వస్తువుకు ఒక చరిత్ర కూడా ఉంది: 1938లో లాయిడ్, మేరీ ఆండర్సన్ దంపతులు తోటి పర్వతారోహకులతో కలిసి ఆర్‌ఈఐ అనే కొండ సామగ్రి సహకార సంఘాన్ని మొదలుపెట్టడానికి, ఆస్ట్రియా నుంచి తక్కువ ధరకు తెప్పించుకున్న ఐస్ యాక్సే కారణమైంది. ఐస్ యాక్స్ వాడకాన్ని నేర్చుకోవడానికి 1906లో సియాటిల్‌లో ఏర్పడిన మౌంటెనీర్స్ సంఘం తరగతులు నడుపుతుంది. యూట్యూబులో చూసినదానితో సరిపెట్టుకోవద్దు.

స్కిన్లలో నైలాన్ పట్టు ఎక్కువ ఇస్తుంది, ఎక్కువ కాలం మన్నుతుంది. అంగోరా మేక వెంట్రుకలతో చేసే మొహేర్ బాగా జారుతుంది, తేలిక, కాని త్వరగా అరుగుతుంది. 70 శాతం మొహేర్, 30 శాతం నైలాన్ కలిపిన మిశ్రమం ఈ కొండలకు సరిపోతుంది. స్కిన్‌ను స్కీ వెడల్పుకు కోసేటప్పుడు రెండువైపులా లోహపు అంచు కనబడేలా ఒకటి రెండు మిల్లీమీటర్లు వదలండి, లేకపోతే గట్టి వాలు మీద అంచు కరవదు. వసంతంలో స్కిన్లకు వచ్చే అసలు ఇబ్బంది, ఎండలో తడిసిన స్కిన్ నీడలోని చల్లని మంచుకు తగలగానే అడుగున ముద్దలు ముద్దలుగా మంచు పేరుకోవడం. ఒక్కో కాలికి రెండు మూడు కిలోల మంచు వేలాడుతుంటే, మీరు బూట్లలో ఆదా చేసిన గ్రాములన్నీ ఎటు పోయాయో తెలియదు. దీనికి ముందురోజు రాత్రే వెంట్రుకలు వాలిన దిశలో స్కిన్ మైనం రుద్దాలి, ఒక చిన్న ముక్క జేబులో పెట్టుకోవాలి. బ్లాక్ డైమండ్ వారి గ్లాప్ స్టాపర్ ఈ పని చేస్తుంది. ఫర్ చెట్ల సూదులు, దుమ్ము జిగురు వైపు అంటుకుంటే పట్టు పోతుంది, కాబట్టి స్కిన్ తీసిన వెంటనే జిగురు వైపులు కలిపి మడవాలి. జిగురు వదిలేస్తే స్కిన్‌ను స్కీకి బిగించడానికీ, విరిగిన బకిల్‌ను కట్టడానికీ, స్కీలను సంచికి కట్టడానికీ వొలే పట్టీలు (సాగే, బకిల్ ఉన్న పట్టీలు) రెండు మూడు ఎప్పుడూ వెంట ఉండాలి.

హిమపాత సామగ్రి గురించి తక్కువ మాటల్లో చెబుతాను, ఎందుకంటే ఇందులో ఎంపికకు పెద్ద తావు లేదు. 457 కిలోహెర్ట్జ్ మీద పనిచేసే, మూడు యాంటెన్నాలున్న ట్రాన్సీవర్ (మంచు కింద ఉన్నవారిని రేడియో సంకేతంతో వెతికే పరికరం), లోహపు పార, 240 సెంటీమీటర్లకు తగ్గని ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే మడత కర్ర) గుంపులో ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. మామట్ బారీవాక్స్, బీసీఏ ట్రాకర్ రెండూ నమ్మదగినవే. మీ గుంపులో అందరూ సాధన చేసిన రకమే మీకు మంచిది. ఫోను, స్మార్ట్ వాచీ వంటివి మోసేటప్పుడు ట్రాన్సీవర్‌కు 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్లు దూరంగా ఉండాలి. మంచు కింద ఉన్న మనిషి బతికే అవకాశం మొదటి 10, 15 నిమిషాల తర్వాత వేగంగా పడిపోతుంది, కాబట్టి సాయం బయటి నుంచి వచ్చే దాకా ఆగడమనేది ఉండదు. నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ రోజువారీ సూచనలు వసంతం ముదిరేకొద్దీ ఆగిపోతాయి. ఆ తర్వాత రాత్రి గడ్డకట్టిందా లేదా, పగలు ఎంత వేడెక్కుతుంది అన్నది మీరే చూసుకోవాలి. క్యాంప్ మ్యూర్ దారిలోని మ్యూర్ స్నోఫీల్డ్ మీద తెల్లని మేఘం కమ్మితే పైకీ కిందికీ తేడా తెలియదు, అక్కడ దారి తప్పి ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. ఫోనులో జీపీఎస్ దారిని ముందే దింపుకొని, విడిగా ఒక బ్యాటరీ పెట్టుకోండి.

బట్టలలో, ఎండను ఆపే తేలికైన తెల్లని పొడుగుచేతుల చొక్కా టోపీతో సహా ఉన్నది, గాలిని ఆపే పలుచని జాకెట్, ఆగినప్పుడు వేసుకునే దళసరి జాకెట్ చాలు. చలువ కళ్లద్దాలు, కాంతిని ఆపే స్థాయిలో, మూడో కేటగిరీకి తగ్గకూడదు. మంచు సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలలో 80 శాతం దాకా తిప్పికొడుతుంది, ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఆ కిరణాలు సుమారు పది శాతం పెరుగుతాయి. నాలుగో కేటగిరీ అద్దాలు పైన బాగుంటాయి, కాని అవి పెట్టుకొని కారు నడపకూడదు. మన చర్మానికి ఎండ దెబ్బ తగలదన్న నమ్మకం ఇక్కడ పనికిరాదు. కాంతి కింది నుంచి వస్తుంది కాబట్టి గడ్డం కింద, ముక్కు రంధ్రాల అంచున కూడా లేపనం రాయాలి. హెల్మెట్ స్కీయింగుకూ పర్వతారోహణకూ రెండింటికీ ధ్రువీకరణ పొందిన రకం అయితే ఒకటే సరిపోతుంది. సంచి 30 నుంచి 35 లీటర్లు, స్కీలను ఏటవాలుగా గాని రెండువైపులా గాని కట్టడానికి పట్టీలున్నది కావాలి. మే, జూన్ నెలల్లో కారు ఆగిన చోట మంచు ఉండదు. కొన్ని కిలోమీటర్లు మామూలు షూలతో నడిచి స్కీలూ బూట్లూ వీపున మోయాలి. తేలిక సామగ్రికి పెట్టిన డబ్బు విలువ అక్కడే అన్నిటికంటే ముందు తెలుస్తుంది.

ధరల సంగతికొస్తే, కొత్తవి కొంటే బూట్లు 700 నుంచి 1,000 డాలర్లు, స్కీలు 600 నుంచి 900, బైండింగులు 400 నుంచి 650, స్కిన్లు 200 చుట్టూ ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో దుకాణాలు శీతాకాలపు సరుకును బాగా తగ్గించి అమ్ముతాయి. మీకు సామగ్రి కావలసిన కాలమూ అదే కావడం వసంత స్కీయర్ల అదృష్టం. స్కీలు, బైండింగులు వాడినవి కొనవచ్చు, కాని రంధ్రాలు ఎన్నిసార్లు వేశారో, అంచులు ఎంత మిగిలాయో చూడండి. వాడిన బూట్లు మీ పాదానికి కుదిరితే పరవాలేదు, లైనర్ మాత్రం కొత్తది పెట్టించుకోండి. వాడిన ట్రాన్సీవర్ ఎవరిచ్చినా తీసుకోవద్దు. మొదటి సీజన్‌కు స్కీలు, బైండింగులు, స్కిన్లు ఒక జతగా అద్దెకు తీసుకొని, బూట్లు మాత్రం సొంతంగా కొనడం నేను ఎక్కువమందికి చెప్పే మార్గం. అద్దె జతలో స్కీ క్రాంపాన్లు సాధారణంగా ఉండవు, కాబట్టి వారం ముందే ఫోను చేసి ఆ స్కీ వెడల్పుకు సరిపడేవి ఉన్నాయా అని అడగండి, మీ బూట్లు తీసుకెళ్లి బైండింగును వాటికి సర్దించుకోండి, మీటలు ఎలా పనిచేస్తాయో దుకాణంలోనే చేతి తొడుగులు వేసుకొని తిప్పి చూడండి.